‘ప్రింట్ రెడీ’ అని అమ్మే డిజైన్ ప్యాక్‌లతో జాగ్రత్త: ఫేడ్‌లు, రంగులు డబ్బు కట్టకముందే పరీక్షించండి

విశాఖపట్నంలో డీటీపీ సెంటర్లు, ఫ్లెక్స్ దుకాణాలు నడుపుకొనేవారికీ, ఇంటి దగ్గరే పెళ్లి పత్రికలు, బ్యానర్లు డిజైన్ చేసి ఇచ్చేవారికీ ఈ హెచ్చరిక. పెన్‌డ్రైవ్ నిండా ఫొటోషాప్, కోరల్‌డ్రా డిజైన్లు నింపి, ‘అన్నీ ప్రింట్ రెడీ, లేయర్లు విడివిడిగా ఉంటాయి, పేర్లు మార్చుకుంటే చాలు’ అంటూ నగరంలో ఒక విక్రేత అమ్ముతున్న ప్యాక్‌ను 3,500 రూపాయలకు కొన్నాను. విక్రేత పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి ప్యాక్‌లు అమ్మేవారు ఒక్కరే కాదు కాబట్టి, ఫైలు ఎలా ఉంటే మోసమో తెలియడమే కొనేవారికి ఎక్కువ ఉపయోగం.

మొదట దెబ్బతిన్నది పెళ్లి స్వాగత బ్యానర్. ప్యాక్‌లోని డిజైన్‌లో తెల్లని బ్యాక్‌గ్రౌండ్ మీద కలశం, అరటి చెట్లు, వాటి అంచులు మెల్లగా తెలుపులో కలిసిపోయే ఫేడ్ చూడముచ్చటగా ఉన్నాయి. గాజువాక నుంచి వచ్చిన పెళ్లివారు బ్యాక్‌గ్రౌండ్ కుంకుమ రంగులో కావాలన్నారు. రంగు మార్చగానే కలశం చుట్టూ పాలపొంగులా తెల్లటి మసక తేలింది. కారణం వెతికితే, అది అసలు ఫేడే కాదు. సరిగ్గా చేసిన ఫేడ్‌లో బొమ్మ లేయర్ (ఒకదాని మీద ఒకటి పేర్చే పొర) పక్కన నలుపు తెలుపుల మాస్క్ ఉంటుంది. మాస్క్ నల్లగా ఉన్న చోట బొమ్మ కనబడదు, కింద ఏ రంగు ఉంటే ఆ రంగు కనిపిస్తుంది. ఇక్కడ మాస్క్ లేదు. ఎక్కడినుంచో తీసుకున్న బొమ్మ అంచుల మీద మెత్తటి బ్రష్‌తో తెలుపు పులిమి వదిలేశారు. తెల్లటి కాగితం మీద ఈ లోపం బయటపడదు, అందుకే అమ్మేటప్పుడు చూపించే నమూనాలన్నీ తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తోనే ఉంటాయి. దీన్ని పట్టుకోవడానికి ఒక్క నిమిషం చాలు: బొమ్మ లేయర్ కింద ముదురు ఎరుపు రంగు నింపిన కొత్త లేయర్ ఒకటి పెట్టి చూడండి. అంచుల చుట్టూ తెలుపు కనబడితే ఆ ఫైలు పనికిరాదు.

విక్రేత ముందు మా ఫ్లెక్స్ మెషీన్ పాతదన్నారు, తర్వాత మా మానిటర్‌లో రంగులు సరిగ్గా లేవన్నారు. ఆయన దుకాణంలో, ఆయన కంప్యూటర్ మీదనే, ఈ ఎరుపు లేయర్ పరీక్ష చేసి చూపించాను. తెల్లటి మసక అక్కడ కూడా అలాగే కనబడింది. అప్పుడు డబ్బు వెనక్కి ఇవ్వడానికి ఒప్పుకోలేదు గానీ, దాని బదులు ‘ఇంకో ప్యాక్ ఫ్రీగా తీసుకోండి’ అన్నారు. ఆ రెండో ప్యాక్‌ను నేను తీసుకోలేదు.

రెండో సమస్య పరిమాణానిది. 10 అడుగుల వెడల్పున్న ఫ్లెక్స్‌కు, దూరం నుంచి చూసేదే కాబట్టి, అంగుళానికి 72 పిక్సెళ్లు చాలనుకున్నా ఫైలు వెడల్పు 8,640 పిక్సెళ్లు ఉండాలి. ప్యాక్‌లోని డిజైన్ 1,600 పిక్సెళ్లే. జేపెగ్ పద్ధతి బొమ్మను 8 పిక్సెళ్ల వెడల్పు, 8 పిక్సెళ్ల ఎత్తు గల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది. అక్షరాల్లోనో పూలలోనో ఆ గళ్లు అంతగా తెలియవు గానీ, ఆకాశం లాంటి మెత్తటి ఫేడ్‌లో మాత్రం దాక్కోలేవు. ఇంత చిన్న ఫైలును 10 అడుగులకు సాగదీస్తే ఒక్కో గడి దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు అవుతుంది. పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు) అని పేరు పెట్టినంత మాత్రాన లోపల జేపెగ్ అతికించి ఉండదన్న హామీ ఏమీ లేదు, కాబట్టి ఇమేజ్ సైజ్ తెరిచి పిక్సెళ్లు చూడండి, తర్వాత ఫేడ్ ఉన్న చోట బాగా జూమ్ చేసి గళ్ల కోసం వెతకండి.

ఫేడ్‌లో రంగు మెల్లగా మారకుండా మెట్లుమెట్లుగా, చారలుగా కనబడే సంగతి వేరు, దానికి విక్రేతను పూర్తిగా తప్పుపట్టలేం. మామూలుగా వాడే 8 బిట్ ఫైలులో ఒక్కో ఛానెల్‌కు, అంటే ఒక్కో మూల రంగుకు, 256 స్థాయిలే ఉంటాయి. 10 అడుగుల బ్యానర్ పొడవునా ఒకే రంగు పూర్తి ముదురు నుంచి తెలుపు దాకా పలచబడితేనే ఒక్కో మెట్టు దాదాపు 12 మిల్లీమీటర్లు. ఆ ఫేడ్ సగంలోనే ఆగిపోతే మెట్టు వెడల్పు రెట్టింపై చారలు స్పష్టంగా కనిపిస్తాయి. ఫొటోషాప్‌లో గ్రేడియంట్ గీసేటప్పుడు డిథర్ (మెట్ల అంచులను చుక్కలుగా చెదరగొట్టే ఆప్షన్) టిక్ పెట్టుకోవడం, ఆ ఫేడ్ మీద చాలా కొద్దిగా నాయిస్ (ఇసుకలాంటి సన్నటి చుక్కలు) కలపడం ఈ చారలను చాలావరకు కరిగిస్తాయి. అయితే ‘ప్రింట్ రెడీ’ అని డబ్బు తీసుకున్నవారు ఈ పాటి పని చేసి ఇవ్వాల్సింది.

రంగుల విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. ట్రావెల్స్ వారి కోసం చేసిన బీచ్ రోడ్డు బ్యానర్‌లో తెర మీద నిండు నీలంగా ఉన్న సముద్రం, ఫ్లెక్స్ మీద వంకాయ రంగులో దిగింది. ప్యాక్ ఫైళ్లన్నీ ఆర్‌జీబీలో, అంటే తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల లెక్కలో ఉన్నాయి. ఆర్‌జీబీలో 0, 0, 255 అనే నీలం ప్రింటింగ్ సిరాలతో రానే రాదు. సీఎంవైకేకి, అంటే ప్రింటింగ్‌లో వాడే సయాన్ (లేత నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపు సిరాల లెక్కకు మార్చగానే సయాన్ 88, మెజెంటా 77 శాతం దరిదాపుల్లో పడుతుంది, మెజెంటా అంత ఉంటే నీలం వంకాయ వైపు మొగ్గడం ఖాయం. నీలం నీలంగా ఉండాలంటే మెజెంటాను సయాన్ కంటే కనీసం 30 శాతం తక్కువగా ఉంచమని ప్రింటింగ్ వారు చెప్పేది ఇందుకే. కొనేముందు ఫొటోషాప్‌లో ఇమేజ్ మెనూ, మోడ్ తెరిచి ఆర్‌జీబీయా, సీఎంవైకేనా అన్నది చూడండి. వ్యూ మెనూలో గామట్ వార్నింగ్ పెడితే ప్రింట్‌లో రాని రంగులన్నీ బూడిద రంగులో కనిపిస్తాయి. మా బ్యానర్‌లో సముద్రమంతా బూడిదే.

కోరల్‌డ్రా, ఇలస్ట్రేటర్ ఫైళ్లలో ఇంకో చిక్కు ఉంది. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన సీడీఆర్ (కోరల్‌డ్రా ఫైలు) పాత కోరల్‌డ్రాలో తెరుచుకోదు, అందుకని ప్యాక్‌లు అమ్మేవారు బదులుగా పీడీఎఫ్‌లు ఇస్తారు. ఫేడ్‌లకు కావలసిన పారదర్శకత (కింది రంగు కనబడేలా పలచబడటం) అనేది పీడీఎఫ్‌లోకి 2001లో 1.4 వెర్షన్‌తో వచ్చింది, 1.3గా గానీ, ప్రింటింగ్ కోసం ఉద్దేశించిన పీడీఎఫ్ ఎక్స్-1ఏగా గానీ సేవ్ చేస్తే ఫేడ్‌లన్నీ చిన్నచిన్న ముక్కలుగా విడిపోతాయి, వాటిని ఆ తర్వాత ఎవరూ ఎడిట్ చేయలేరు. ముక్కల మధ్య కనిపించే సన్నటి తెల్లగీతలన్నీ ప్రింట్‌లో వస్తాయని భయపడనక్కర్లేదు: జూమ్ పెంచినా గీత మందం అలాగే ఉంటే అది తెర చేసే మాయ మాత్రమే, జూమ్‌తో పాటు లావెక్కితే నిజమైన ఖాళీ. ఇలస్ట్రేటర్ ఫైలైతే డాక్యుమెంట్ రాస్టర్ ఎఫెక్ట్స్ సెట్టింగ్స్ చూడండి, నీడలు, మెత్తటి అంచులు అంగుళానికి ఎన్ని పిక్సెళ్లతో తయారవుతాయో అక్కడ ఉంటుంది. పెళ్లి పత్రికల ఫైళ్లలో అది 72 దగ్గరే ఉంది. ఆఫ్‌సెట్‌లో అచ్చయ్యే పత్రికకు 300 లేకపోతే ఫెదర్ (మెత్తబరిచిన అంచు), డ్రాప్ షాడో (బొమ్మ కింద నీడ) అంచులు గరుకుగా వస్తాయి.

అదే పెన్‌డ్రైవ్‌లో ‘లైఫ్‌టైమ్ యాక్టివేషన్’ పేరుతో ఫొటోషాప్ కూడా పెట్టారు. అడోబ్ 2013లో క్రియేటివ్ క్లౌడ్‌కు మారిన తర్వాత వచ్చిన ఫొటోషాప్ వెర్షన్లన్నీ చందా మీద దొరికేవే, కాబట్టి ఇది దొంగ కాపీ అన్న విషయంలో అనుమానం అక్కర్లేదు. దొంగ కాపీ అని తెలిసి వాడేవారికి కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద జైలు, జరిమానా రెండూ ఉన్నాయి, కేసు పడితే అది అమ్మినవారితోనే ఆగదు.

బిల్లు లేకుండా కొనకండి; బిల్లు మీద ‘సీఎంవైకే, ఎడిటబుల్ లేయర్లు, ప్రింట్ సైజు’ అన్న మాటలు రాయించుకోండి. రాయడానికి వెనకాడితే అక్కడే బేరం ఆపేయండి. వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారని విక్రేతలు దబాయిస్తుంటారు గానీ, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సొంత ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్నవారు వినియోగదారుల కిందికే వస్తారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. ఇలాంటి ప్యాక్ ఇప్పటికే కొన్నవారు పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లను ఎడిట్ చేయకుండా ఒక నకలు పక్కన పెట్టుకోండి, విక్రేతతో నడిచిన వాట్సాప్ సందేశాలు చెరిపేయకండి, చెడిపోయిన ఫ్లెక్స్ ఉంటే ఫొటో తీసి ఉంచండి. కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి రెండేళ్ల గడువు ఉంటుంది.