బీసెంట్ నగర్ తాబేళ్ళు చాలక శ్రీలంక దాకా

చెన్నై మీనంబాకంలో విమానం ఎక్కితే కొలంబో గంటన్నర. అందుకే మా అక్క కూతురు "పిన్నీ, పది రోజుల వాలంటీర్ ట్రిప్ ఉంది, నువ్వొస్తే అమ్మ ఒప్పుకుంటుంది" అనగానే సరేనన్నాను. పద్నాలుగు మందిలో నేను తప్ప అందరూ కాలేజీ పిల్లలే. మనిషికి 58,000 రూపాయలు, టికెట్ కాక. నాలుగు రోజులు నైరుతి తీరంలో తాబేళ్ళ హేచరీలో (గుడ్లు పొదిగించి పిల్లల్ని సముద్రంలో వదిలే చోటు), మిగతా రోజులు క్యాండీ దగ్గర ఊళ్ళో బడిలో పని.

మా పిల్లకి తాబేళ్ళు కొత్త కాదు. చెన్నైలో స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ వాళ్ళతో రాత్రిపూట నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ దాకా ఇసుకలో నడుస్తుంది. కుక్కలు తవ్వకముందే గుడ్లు తీసి హేచరీకి చేరుస్తారు. సుమారు నలభై అయిదు రోజులకి పిల్లలు బయటికొస్తే ఆలస్యం చేయకుండా సముద్రంలో వదులుతారు. 1988 నుంచీ జరుగుతున్న పని. మన దగ్గర దాదాపు అన్నీ ఆలివ్ రిడ్లేలే. ప్రపంచంలో ఉన్న ఏడు రకాల సముద్రపు తాబేళ్ళలో అయిదు శ్రీలంకకి వచ్చి గుడ్లు పెడతాయి. దాని ఉత్సాహం అదీ.

తీరా చూస్తే సిమెంటు తొట్లు. వాటిలో రెండు మూడు రోజుల పిల్లలు గుండ్రంగా ఈదుతున్నాయి. టికెట్ కొన్నవాళ్ళు చేతిలో పెట్టుకుని ఫొటో దిగుతారు. పుట్టిన మొదటి రోజు అవి ఆగకుండా ఈది తీరానికి దూరమవ్వాలి, అందుకు కావలసిన బలం గుడ్డు సొన నుంచే వస్తుంది. ఆ బలమంతా తొట్లో అయిపోతోంది కదా అని మా పిల్ల అడిగితే, "వచ్చినవాళ్ళకి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలిగా" అని నవ్వాడు అక్కడి మేనేజరు. మా పని నీళ్ళు మార్చడం, తొట్లు తోమడం. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. వలలో చిక్కి ముందుకాలు పోయిన పెద్ద తాబేలుకి రోజూ బ్రష్షుతో పాచి తీశాం. దాన్ని ఎవరో ఒకరు చూసుకోవాల్సిందే.

అక్కడ బస గెస్ట్‌హౌస్‌లో. దోమతెరకి చిల్లులు, కుళాయిలో ఉప్పునీళ్ళు. పక్క గదిలో దిగినాయన కట్టింది మా లెక్కలో సగం కూడా లేదు.

క్యాండీ రైలుకి నిర్వాహకులు సీట్లు రిజర్వ్ చేయించలేదు. రంబుక్కన దాకా నిలబడే వెళ్ళాం. అక్కణ్ణుంచి రైలు కొండెక్కడం మొదలైతే పిల్లలు కాళ్ళ నొప్పులు మర్చిపోయారు. నేను మర్చిపోలేదు.

ట్రిప్ మొత్తానికి డబ్బుకి తగ్గది ఆ ఊళ్ళో హోమ్‌స్టే. ఇంటావిణ్ణి ఏమని పిలవాలో తెలియక "అక్కా" అన్నాను. సింహళంలోనూ అక్క అంటే అక్కేనట! తమ్ముణ్ణి "మల్లీ" అంటారు, ఆవిడ పిలిచినప్పుడల్లా మా పిల్లలు నవ్వాపుకోలేకపోయారు. పొద్దున ఇడియాప్పం, పప్పు, పచ్చికొబ్బరి కారం; మధ్యాహ్నం ఎర్రబియ్యం అన్నం. మేం కట్టినదాంట్లో ఆవిడకి అందేది అయిదో వంతు కూడా కాదని మాటల్లో తెలిసింది.

బడిలో పిల్లలతో ఇంగ్లీషు మాట్లాడించడం బాగానే సాగింది. గోడకి రంగు వేయమన్నప్పుడే ఇబ్బంది. పాత రంగు గోకుతుంటే కింద ఎవరివో అరచేతి ముద్రలు, అంతకుముందు వచ్చిన బృందానివి. వాళ్ళు అడిగింది సైన్సు పుస్తకాలని టీచరమ్మ మెల్లగా చెప్పింది.

ఒక మధ్యాహ్నం క్యాండీలో బుద్ధుడి దంతం ఉన్న దంత ధాతు ఆలయం చూశాం. ముందున్న ఎనిమిది మూలల మంటపం క్యాండీ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ కట్టించింది. మదురై నాయకుల బంధువర్గం వాడు. 1815లో ఇంగ్లీషువాళ్ళు గద్దె దింపి మన వేలూరుకి పంపేశారు, 1832లో అక్కడే పోయాడు. గైడు ఈ ముక్క చెప్పనే లేదు, నేనే చెప్పాల్సి వచ్చింది.

ఇలాంటి ట్రిప్‌కి డబ్బు కట్టేముందు ఏ వీసా మీద తీసుకెళ్తారో, బసకి ఎంత, పని జరిగేచోటికి ఎంత ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. ఆ పని కావాలని అక్కడివాళ్ళు అడిగారా అన్నది కూడా. నేను వీసా గురించి అడిగితే "అవన్నీ మేం చూసుకుంటాం మేడం" అన్నారు, అంతటితో ఊరుకోవడం నా తప్పు.

హోమ్‌స్టే అక్క ఫోన్ నంబరు తెచ్చుకున్నాం. వచ్చే జనవరిలో బృందం లేకుండా నేరుగా ఆవిడింటికే, సైన్సు పుస్తకాల పెట్టెతో. శుక్రవారం రాత్రి నడకకి మాత్రం చెన్నై వచ్చేయాలని మా పిల్ల షరతు.