ఏథెన్స్ అగోరా నుంచి సామోస్ సొరంగం దాకా

ఏథెన్స్‌కు వెళ్లేవారిలో చాలామంది ఆక్రోపొలిస్ ఎక్కి, ఫొటోలు తీసుకుని, మర్నాడే దీవుల ఓడ కోసం పిరేయస్ రేవుకు చేరుకుంటారు. నేనూ మా ఆవిడా మాత్రం సోక్రటీస్, ప్లేటో, అరిస్టాటిల్, పైథాగరస్ తిరిగిన చోట్లు చూడాలనే బయలుదేరాం. అదే కోరికతో వెళ్లేవారికి ముందే ఒక మాట చెబుతాను. పేరు ఎంత గొప్పదైతే అక్కడ మిగిలినది అంత తక్కువ. ఆ మనుషుల బుద్ధి కంటికి కనిపించే చోట్లు వేరే ఉన్నాయి, సమయం వాటికి ఎక్కువ ఇవ్వండి.

బస మొదట మొనాస్తిరాకి కూడలి పక్కన తీసుకున్నాం. విమానాశ్రయం నుంచి మెట్రో నేరుగా అక్కడికే వస్తుంది, ప్రాచీన ఏథెన్స్ సంతచౌకు అయిన అగోరా కూడా అడుగు దూరంలోనే ఉంటుంది. కానీ అర్ధరాత్రి దాటినా కింద బార్ల హోరు తగ్గలేదు. తర్వాత కుకాకిలో ఒక చిన్న అపార్ట్‌మెంట్‌కు మారాం. వంటగది ఉంది, వీధి ప్రశాంతంగా ఉంది, ఆక్రోపొలిస్ మెట్రో స్టేషన్ దగ్గర. కుటుంబంతో వెళ్లేవారికి నేను చెప్పేది కుకాకినే.

ప్లేటో అకాడమీ ఇప్పుడు ఊరి వాయవ్యాన ఒక పార్కు. పిల్లలు బంతి ఆడుకుంటుంటారు, చెట్ల మధ్య అక్కడక్కడా పునాదులు. క్రీ.పూ. 387 ప్రాంతంలో మొదలైన ఆ విద్యాలయానికి అరిస్టాటిల్ పదిహేడేళ్లప్పుడు వచ్చి ఇరవై ఏళ్లు ఉన్నాడు. క్రీ.పూ. 86లో ఏథెన్స్‌ను జయించిన రోమన్ సేనాని సుల్లా ముట్టడి యంత్రాల కోసం ఆ వనంలోని చెట్లను నరికించాడు. రుసుము లేదు, గంట సేపు చాలు. 1996లో తవ్వకాల్లో బయటపడిన అరిస్టాటిల్ విద్యాలయం లైసియంలోనూ వ్యాయామశాల పునాదులే ఉన్నాయి. అయితే చుట్టూ సుగంధ మొక్కలు పెంచారు. అరిస్టాటిల్ తర్వాత ఆ విద్యాలయాన్ని నడిపినవాడు వృక్షశాస్త్రానికి పునాది వేసిన థియోఫ్రాస్టస్ కాబట్టి, ఆ మొక్కలు నాకు ఎంతో నచ్చాయి.

అగోరాకు మాత్రం ఒక పూట పూర్తిగా ఇవ్వండి. పొద్దున్నే తెరిచే వేళకే వెళ్లండి. వేసవిలో మధ్యాహ్నం ఎండ భరించలేం, నీడ తక్కువ. అక్కడి అత్తాలోస్ స్టోవాను (స్తంభాల వసారాను) 1950లలో పాత పద్ధతిలోనే తిరిగి కట్టారు, మ్యూజియం అందులోనే. నేను ఎక్కువసేపు నిలబడింది న్యాయస్థానపు నీటి గడియారం దగ్గర. రెండు మట్టి కుండలు, పై కుండ అడుగున సన్నని గొట్టం. పట్టేది 6.4 లీటర్లు, ఖాళీ కావడానికి దాదాపు 6 నిమిషాలు. నీరు అయిపోతే వాదన ఆపాల్సిందే. సోక్రటీస్‌కు క్రీ.పూ. 399లో మరణశిక్ష విధించిన ఏథెన్స్ న్యాయస్థానాల్లో కాలాన్ని కొలిచింది ఇలాంటి కుండలే. ఫిలోపాపోస్ కొండపై సోక్రటీస్ చెరసాల అని బోర్డు పెట్టిన గుహలకు మాత్రం చారిత్రక ఆధారం లేదు, వాటి కోసం ప్రత్యేకంగా ఎక్కనక్కరలేదు.

జాతీయ పురావస్తు మ్యూజియంలో అన్నీ చూడాలని ఆరాటపడకండి. నేరుగా ఆకాశ గమనాలను లెక్కగట్టే ప్రాచీన పరికరం, ఆంటికితెరా యంత్రం దగ్గరికి వెళ్లండి. సముద్రంలో మునిగిన ప్రాచీన ఓడ నుంచి 1901లో తీసిన పచ్చబారిన కంచు ముక్కలు అవి. పెద్ద ముక్కలో ప్రధాన చక్రం నాలుగు ఆకులతో స్పష్టంగా కనిపిస్తుంది, వంగి చూస్తే అంచున త్రికోణాకారపు పళ్లు కూడా. మిగిలిన పళ్ల చక్రాలు 30. గ్రహణాలు తిరిగి వచ్చే 223 చాంద్రమాసాల చక్రాన్ని ఇది లెక్కగట్టేది. చంద్రుడు ఒకప్పుడు వేగంగా, ఒకప్పుడు నెమ్మదిగా కదిలే తీరును ఒక చక్రానికి చీల, మరో చక్రానికి గాడి పెట్టి చూపించారు. గ్రీకు ఖగోళవేత్త హిప్పార్కస్ వంటివారి గణితం అలా కంచులోకి దిగింది. ఎక్స్‌రేలలో తేలిన లోపలి నిర్మాణం ఆధారంగా చేసిన నమూనాలు పక్కనే ఉన్నాయి, వాటిని ముందు చూస్తే ముక్కలు అర్థమవుతాయి.

ఇక సామోస్ దీవి. ఏథెన్స్ నుంచి విమానంలో గంట ప్రయాణం. ఓడ చౌకే గాని రాత్రంతా పడుతుంది. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందని క్రీ.పూ. మూడో శతాబ్దంలోనే చెప్పిన అరిస్టార్కస్ పేరే అక్కడి విమానాశ్రయానికి పెట్టారు. చూసి ఎంత సంతోషించానో! బస పైథాగోరియో ఊళ్లో పెట్టుకోండి. రేవు గట్టున లంబకోణ త్రిభుజపు ఆకారంలో పైథాగరస్ విగ్రహం ఉంది. ఆయన రాసినదేదీ మనకు దొరకలేదు, ఆయన పేరుతో చెప్పుకునే లంబకోణ త్రిభుజ సూత్రం బాబిలోనియా పలకల్లోనూ మన శుల్బసూత్రాల్లోనూ ఉంది.

ఆ ఊరి అసలు ఘనత ఇంజనీరు యుపాలినోస్ పేరున్న సొరంగం. క్రీ.పూ. ఆరో శతాబ్దంలో నగరానికి నీరు తేవడానికి కొండను రెండు వైపుల నుంచీ తొలిచారు, పొడవు 1,036 మీటర్లు. ఉత్తరపు వైపు రాయి గట్టిగా లేకపోవడంతో దారి పక్కకు మళ్లించి, మళ్లీ లెక్క ప్రకారం వెనక్కు తిప్పారు. కలుసుకోవలసిన చోట ఒకరినొకరు తప్పిపోకుండా కావాలనే వంపులు తిప్పారు. గోడల మీద ఆనాటి కొలత గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. ఉలి గాట్లను చేత్తో తాకి చూశాను. లోపలికి గైడుతో, హెల్మెట్ పెట్టుకుని బృందాలుగానే పంపుతారు. మొదటి భాగం చాలా ఇరుకు, ఇరుకు చోట్లంటే భయపడేవారు దూరంగా ఉండటమే మంచిది. మిగతావారు పొట్టి దారితో సరిపెట్టుకోకుండా పొడవైనదే ఎంచుకోండి.

శాకాహారులకు ఇబ్బంది లేదు. తెల్ల చిక్కుడు గింజల గిగాంతెస్, ఫావా పప్పు ముద్ద, పాలకూర కూరిన పేస్ట్రీ దాదాపు ప్రతి చోటా దొరుకుతాయి. అన్నం కూరిన టమాటాల్లో కొన్నిచోట్ల కీమా కలుపుతారు, అడిగి తీసుకోండి. తత్వవేత్త థేలీస్ పుట్టిన మిలెటస్ కూడా చూడాలంటే సామోస్ నుంచి పడవలో టర్కీ తీరంలోని కుషదాసికి చేరి అక్కడి నుంచి రోడ్డు మార్గాన వెళ్లాలి. భారతీయులకు టర్కీ వీసా విడిగా కావాలి. తిరిగి గ్రీస్‌కు రావాలంటే షెంగెన్ వీసా (గ్రీస్ సహా పలు యూరప్ దేశాల ఉమ్మడి వీసా) ఒకటికి మించిన ప్రవేశాలకు తీసుకుని ఉండాలి, దరఖాస్తు చేసేటప్పుడే అది అడగండి.