డిస్నీ వరల్డ్‌లో భోజనం బుకింగ్‌కు ఆలస్యమైతే ఏది మేలు: పరుగెత్తడమా, వేళ మార్చుకోవడమా, వదులుకోవడమా?

అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరకు హైదరాబాద్ నుంచి వెళ్లే తల్లిదండ్రుల ప్రయాణంలో ఫ్లోరిడాలోని ఓర్లాండో ఇప్పుడు దాదాపు తప్పనిసరి మజిలీ అయింది. మనవలతో కలిసి వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో మూడు నాలుగు రోజులు గడపాలనుకునే కుటుంబం టికెట్ల గురించి, హోటల్ గురించి ఎంతో ఆలోచిస్తుంది. ముందే బుక్ చేసుకున్న రెస్టారెంట్‌కు వేళకు చేరలేకపోతే ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ అనుకోరు. ఆ ప్రశ్న ఎదురయ్యేసరికి వాళ్లు ఏ రైడ్ క్యూ మధ్యలోనో, ఏ బస్‌స్టాప్‌లోనో ఉంటారు. అప్పుడు తోచేవి నాలుగు దారులు: ఎలాగోలా పరుగున చేరుకోవడం, డిస్నీ వారి ఫోన్ యాప్‌లో వేళ మార్చుకోవడం, రద్దు చేసుకుని మరోచోట తినడం, ఆలస్యంగానే వెళ్లి కౌంటర్‌లో అడిగి చూడటం. ఇద్దరు కుర్రవాళ్లకు సరిపోయే దారి, అరవై డెబ్భై ఏళ్ల పెద్దలతో, చంటిపిల్లతో కలిసి ఆరుగురు తిరిగే ఇంటికి సరిపోదు. ఇక్కడ నేను దృష్టిలో పెట్టుకున్నది ఆ ఆరుగురి కుటుంబాన్నే.

ఆ బుకింగ్ ఎలాంటిదో ముందుగా తెలియాలి. డిస్నీ వరల్డ్‌లో కూర్చోబెట్టి వడ్డించే రెస్టారెంట్లకు 60 రోజుల ముందు నుంచి బుకింగ్ ఇస్తారు. వాళ్ల హోటళ్లలో దిగేవారైతే బస మొదలయ్యే రోజుకు 60 రోజుల ముందే, ఆ బసలో 10 రోజుల వరకు భోజనాలన్నీ ఒకేసారి బుక్ చేసుకోవచ్చు. అక్కడ తెల్లవారుజామున తెరుచుకునే ఆ బుకింగ్, వేసవిలో మనకు మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో వస్తుంది కాబట్టి, అమెరికాలోని కూతురు నిద్ర లేవకముందే హైదరాబాద్‌లో ఉన్న తండ్రి ఆ పని పూర్తి చేసిన ఇళ్లు కూడా ఉన్నాయి. ఇంత ముందుగా సంపాదించిన బుకింగ్ కదా, మన పేరున ఒక టేబుల్ ఖాళీగా పెట్టి ఉంచుతారని చాలామంది నమ్ముతారు. అలా ఉంచరు. ఆ వేళకు వచ్చినవారికి, వారి సంఖ్యకు సరిపడే టేబుల్ ఏది ముందు ఖాళీ అయితే దాన్ని ఇస్తారు. అంటే బుకింగ్ వల్ల మనకు దక్కేది వరుసలో ముందు చోటు మాత్రమే. అందుకే సరిగ్గా వేళకు వెళ్లినా కొంతసేపు బయట ఆగవలసి రావచ్చు.

ఆలస్యానికి సాధారణంగా 15 నిమిషాల వరకు ఓర్చుకుంటారు. ఆ తర్వాత మనం రానట్టుగా రాసుకునే హక్కు రెస్టారెంట్‌కు ఉంటుంది. రానివారికి ఎక్కువ చోట్ల మనిషికి 10 డాలర్ల చొప్పున, బుకింగ్‌కు ఇచ్చిన క్రెడిట్ కార్డు నుంచి వసూలు చేస్తారు. ఖరీదైన కొన్ని రెస్టారెంట్లలో ఇది ఇంకా ఎక్కువ. ఆరుగురికి 60 డాలర్లు, అంటే మన లెక్కలో దాదాపు అయిదువేల రూపాయలు. భోజన వేళకు 2 గంటల ముందే రద్దు చేసుకుంటే చాలా రెస్టారెంట్లలో ఈ రుసుము ఉండదు. నాలుగు దారుల్లో దేన్ని ఎంచుకోవాలన్నా ఈ 2 గంటలు, ఆ 15 నిమిషాలు అన్న రెండు హద్దులే ఆధారం.

అసలు ఆలస్యం ఎందుకవుతుందో చూస్తే సగం చిక్కు విడిపోతుంది. 1971 అక్టోబరులో మొదలైన డిస్నీ వరల్డ్ విస్తీర్ణం దాదాపు 40 చదరపు మైళ్లు, సుమారు 25 వేల ఎకరాలు. మన రామోజీ ఫిల్మ్ సిటీని ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియోగా నమోదు చేసిన గిన్నిస్ వారు చెప్పిన విస్తీర్ణం 1,666 ఎకరాలు. అలాంటివి పదిహేను పక్కపక్కన పరిచినంత చోటులో నాలుగు పార్కులు, ఇరవైకి పైగా హోటళ్లు విడివిడిగా ఉంటాయి. ఒక పార్కు నుంచి మరో పార్కుకు, హోటల్ నుంచి పార్కుకు ఉచిత బస్సులున్నాయి గానీ, ఒక హోటల్ నుంచి మరో హోటల్‌కు నేరుగా బస్సు ఉండదు. మధ్యలో ఏదో ఒక పార్కు దగ్గరో, డిస్నీ స్ప్రింగ్స్ అనే దుకాణాల కూడలి దగ్గరో దిగి మారాలి. కారుంది కదా అని ధీమాగా ఉండటానికీ వీల్లేదు. నాలుగు పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌కు కారులో వచ్చినవారు పార్కు గుమ్మం దాకా రాలేరు. దూరంగా ఉన్న పార్కింగ్‌లో కారు నిలిపి, అక్కడి నుంచి మోనోరైలులో గానీ, చెరువు దాటించే ఫెర్రీలో గానీ రావాలి, అవి ఎక్కే ముందు బ్యాగుల తనిఖీ కూడా ఉంటుంది. 2019లో వచ్చిన స్కైలైనర్ అనే, తీగకు వేలాడుతూ సాగే బండ్లు హాయిగా ఉంటాయి గానీ, ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు తరచూ వచ్చే ఉరుముల వానల్లో, మెరుపులు దగ్గరపడితే వాటిని ఆపేస్తారు.

ఇక మొదటి దారి, పరుగు. రెస్టారెంట్ మనమున్న పార్కులోనే ఉండి, పది నిమిషాలే ఆలస్యమయ్యేటట్లుంటే నడక వేగం పెంచడమే సరైన పని, అందులో సందేహం లేదు. రెస్టారెంట్ దగ్గరకు రాగానే యాప్‌లో వచ్చినట్టు తెలియజేసే సదుపాయం కూడా ఉంది కాబట్టి కౌంటర్ ముందు వరుసలో నిలబడే కాలం కొంత మిగులుతుంది. బస్సెక్కి వెళ్లవలసిన చోటైతే మాత్రం పరుగు మన చేతిలో ఉండదు. బస్సులోకి ఎక్కే ముందు పాపను కిందికి దించి, స్ట్రోలర్‌కు తగిలించిన సంచులన్నీ తీసి, దాన్ని మడిచి పట్టుకోవాలి. తాతగారు వీల్‌చైర్‌లో ఉంటే దాన్ని ఎక్కించి పట్టీలు బిగించేదాకా డ్రైవరు బండి కదల్చడు. ఆ పని నిదానంగా జరగాలి కూడా. అక్కడ కుటుంబ సభ్యులు ఒకరినొకరు తొందరపెట్టుకుంటే జరిగేది పెద్దావిడ మెట్టు మీద కాలు జారడమే తప్ప బస్సు ముందుగా బయలుదేరడం కాదు. ఒకరిని ముందు పంపి టేబుల్ పట్టిద్దామనుకోవడం కూడా అంతగా పనికిరాదు. చాలా చోట్ల అందరూ వచ్చాకే కూర్చోబెడతారు. పెద్దలున్న ఇంటికి, బస్సు మారే దూరానికి, పరుగును నేను సలహాగా చెప్పలేను.

రెండో దారి వేళ మార్చుకోవడం. నాలుగింటిలో నా మొగ్గు దీనివైపే. ఎందుకంటే యాప్‌లో ఉన్న బుకింగ్‌ను సవరించేటప్పుడు కొత్త వేళ దొరికి, మనం సరేనన్నాకే పాతది పోతుంది. చేతిలో ఉన్నదాన్ని వదులుకుని వెతకవలసిన అగత్యం లేదు. అయిదున్నరకు ఉన్న భోజనాన్ని ఆరూ ముప్పావుకు జరపాలంటే, ఆ వేళ ఖాళీ ఉంటే ఒక నిమిషం పని. లేకపోతే అదే పార్కులో మరో రెస్టారెంట్‌లో ఏముందో చూడవచ్చు. ఈ పని 2 గంటల హద్దు దాటకముందే చేయాలి. ఆ హద్దుకు ముందు ఇతరులు కూడా రుసుము తప్పించుకోవడానికి తమ బుకింగులు వదిలేస్తారు కాబట్టి, ఉదయం కనిపించని ఖాళీలు అప్పుడు కనిపిస్తుంటాయి. ఒకసారి లేదన్నదని ఊరుకోకుండా పది నిమిషాలకోసారి మళ్లీ చూడాలి. ఫోన్‌లో వ్యవహారం తెలియని పెద్దలు విడిగా తిరుగుతుంటే, పార్కుల్లో నీలిరంగు గొడుగుల కింద నిలబడే సిబ్బందిని అడగవచ్చు. బుకింగ్ సంగతులు కూడా వాళ్లు చూసిపెడతారు.

దీనికి ఉన్న లోపం చెప్పకపోతే తూకం సరికాదు. మన హైదరాబాద్ అలవాటు ప్రకారం రాత్రి భోజనం ఎనిమిదిన్నరకో తొమ్మిదికో అనుకుని వేళను వెనక్కి జరుపుతూ పోతే, పిల్లలు కుర్చీలోనే నిద్రపోతారు. ఇండియా నుంచి వచ్చి వారం తిరగని పెద్దలకు తొమ్మిదిన్నర, పదిన్నర గంటల తేడా ఇంకా ఒంట్లోనే ఉంటుంది. అక్కడి రాత్రి ఎనిమిది వాళ్ల శరీరానికి తెల్లవారుజాము. కాబట్టి గంటన్నరకు మించి జరపవలసి వస్తే మూడో దారి పట్టడమే మంచిది.

మూడో దారి, 2 గంటల ముందే రద్దు చేసుకుని, కౌంటర్‌లో తీసుకుని తినే చోటుకు వెళ్లడం. దీన్ని ఓటమిలా చూడవలసిన పని లేదు. అక్కడి క్విక్ సర్వీస్ రెస్టారెంట్లలో చాలావాటికి యాప్‌లోనే ఆర్డర్ పెట్టవచ్చు. మనం చేరుకుని, వచ్చామని నొక్కాకే వంట మొదలుపెడతారు కాబట్టి ఆలస్యమైతే భోజనం చల్లారదు, జరిమానా పడదు. మాంసం, పాలు, గుడ్డు లేని పదార్థాలకు మెనూలో ఆకు గుర్తు ఉంటుంది, శాకాహారులు వెతుక్కోవడం తేలిక. కూర్చునే తినాలనుకుంటే, కొన్ని రెస్టారెంట్లలో బుకింగ్ లేనివారికి యాప్‌లోనే వెయిటింగ్ జాబితా ఉంటుంది. దగ్గరలో ఉన్నప్పుడు చేరితే టేబుల్ సిద్ధమైనప్పుడు సందేశం వస్తుంది. డబ్బు ముందే కట్టిన భోజనాలకు మాత్రం ఈ దారి మూసుకుపోతుంది. డిస్నీ వారి క్యాంపింగ్ విడిది ఫోర్ట్ విల్డర్‌నెస్‌లో 1974 నుంచి నడుస్తున్న హూప్-డీ-డూ అనే ఆటపాటల విందుకు మొత్తం ముందే చెల్లించాలి. దాన్ని చాలా ముందుగా రద్దు చేసుకుంటే తప్ప డబ్బు రాదు. పైగా కారు విందు జరిగే హాలు దాకా వెళ్లదు, లోపలి బస్సులోనో పడవలోనో చేరుకోవాలి. అక్కడ ఆలస్యమైతే ప్రదర్శన మన కోసం ఆగదు. ఈ ఒక్క సందర్భంలో పార్కును గంటన్నర ముందే వదిలి బయలుదేరడం తప్ప వేరే ఉపాయం నాకు కనిపించదు.

నాలుగో దారి, ఆలస్యంగానే వెళ్లి అడగడం. మన ఊళ్లో శనివారం రాత్రి బిర్యానీ హోటల్ ముందు మేనేజర్‌ను బతిమాలితే ఎక్కడో ఒక మూల టేబుల్ సర్దుతాడు. డిస్నీలో కౌంటర్ దగ్గరున్నవారికి ఆ స్వేచ్ఛ కొంత ఉంటుంది గానీ, అది లోపల ఖాళీ ఉన్నదాన్ని బట్టి ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యంగా వెళ్లినవారిని నవ్వుతూ కూర్చోబెట్టే చోటే, సాయంత్రం ఆరున్నరకు వెళ్తే లేదనవచ్చు. బస్సు ఆగిపోయిందనో, స్కైలైనర్ నిలిపేశారనో కారణం ఉంటే దాచకుండా చెప్పాలి, వాళ్లకు ఆ సంగతి తెలిసే ఉంటుంది. అయినా ఇది చివరి దారిగానే ఉండాలి. 2 గంటల హద్దు దాటిపోయాక, మార్చుకోవడానికి వేళలు లేనప్పుడు, రద్దు చేసుకున్నా రుసుము ఎలాగూ పడుతుంది కాబట్టి వెళ్లి అడగడంలో పోయేది లేదు.

అయితే ఈ నాలుగింటికన్నా ముందు తేల్చుకోవలసినది, అసలు ఎక్కడ బుక్ చేస్తున్నామన్నది. తెలుగు కుటుంబాలకు ఆశ పుట్టించే రెస్టారెంట్ ఒకటుంది. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే డిస్నీ హోటల్‌లోని కిడానీ విలేజ్ భాగంలో ఉన్న సనా. నాన్, ఉల్లిపాయ కుల్చా, పనీర్ పరాఠా లాంటి రొట్టెలతో పాటు రైతా, మామిడి చట్నీ, చింతపండు చట్నీ, ఊరగాయలు కలిపి తొమ్మిది రకాలు చిన్నచిన్న గిన్నెల్లో తెచ్చిపెడతారు. కిటికీ అవతల జిరాఫీలు, జీబ్రాలు మేస్తుంటాయి. వారం రోజులుగా బర్గర్లు, పిజ్జాలు తిన్న పెద్దలకు ఆ ఊరగాయ రుచి ఎంత ప్రాణం పోస్తుందో చెప్పనక్కర్లేదు. కానీ అది నాలుగు పార్కుల్లో యానిమల్ కింగ్‌డమ్‌కు మాత్రమే దగ్గర. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో గడిపే రోజు సాయంత్రం సనాకు బుక్ చేస్తే ఆలస్యాన్ని మనమే పిలిచినట్టు. ఆ రోజుకు కంటెంపరరీ హోటల్‌లోని షెఫ్ మికీస్ మేలు. పార్కు గుమ్మం నుంచి పది నిమిషాల నడక, నడవలేనివారికి మోనోరైలు ఉంది, మికీ మౌస్ టేబుల్ దగ్గరకు వచ్చి పలకరిస్తే మనవలకు అంతకన్నా కావలసింది లేదు. రుచిలో సనా గెలుస్తుంది, చేరుకోవడంలో షెఫ్ మికీస్ గెలుస్తుంది. నేనైతే యానిమల్ కింగ్‌డమ్ చూసే రోజుకు సనాను అట్టేపెట్టి, మిగతా రోజుల్లో ఉన్న పార్కులోనో, నడిచి వెళ్లగలిగే హోటల్‌లోనో బుక్ చేస్తాను.

షుగర్ ఉన్న పెద్దల విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. భోజనానికి పావుగంట ముందు ఇన్సులిన్ తీసుకునేవారు బుకింగ్ వేళను చూసి బస్సులోనే ఇంజక్షన్ చేసుకోకూడదు. టేబుల్ మరో అరగంటకు దొరికితే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. కూర్చుని, ఆర్డర్ ఇచ్చి, పళ్లెం ఎప్పుడొస్తుందో అడిగి తెలుసుకున్నాకే తీసుకోవాలి. ఈ పద్ధతి గురించి ప్రయాణానికి ముందే డాక్టరుతో మాట్లాడి ఉంచుకోవాలి. డిస్నీ పార్కుల్లోకి బయటి తిండి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలు, మద్యం మాత్రం కుదరవు. పొద్దున్నే కలిపిన పులిహోర ఒక డబ్బా, రెండు అరటిపళ్లు, నీళ్లసీసా పెద్దాయన కూర్చునే వీల్‌చైర్ సంచిలో ఉంటే, వేళ ఎంత జరిగినా ఆ ఒక్కరి కోసం కుటుంబమంతా పరుగెత్తవలసిన పరిస్థితి రాదు.