అరుగులున్న కలకత్తా

కలకత్తా వెళ్ళే తెలుగువాళ్ళ జాబితా ఇంచుమించు ఒకటే: కాళీఘాట్, దక్షిణేశ్వరం, బేలూరు మఠం, విక్టోరియా మెమోరియల్, తిరుగు ప్రయాణం రోజున చీరలు. పదిహేనేళ్ళ క్రితం మేమూ అదే చేశాం. మొన్న జనవరిలో అక్కా నేనూ రాజమండ్రిలో ఫలక్‌నుమా ఎక్కినప్పుడు మాత్రం ముందే అనుకున్నాం, ఈసారి పాత ఇళ్ళు తప్ప మరేమీ చూడకూడదని. జొరాసాంకో, శోభాబజార్, సిమ్లా వీధి. నాలుగు రోజులు పెట్టుకున్నాం. చాలలేదు.

ముందు బస సంగతి. మొదటి రెండు రాత్రులూ ఎస్ప్లనేడ్ దగ్గర ఒక హోటల్లో దిగాం. అది తెలివితక్కువ పని. వేడినీళ్ళు ఏడు దాటితే గాని రావు, కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. మూడోనాడు శ్యాంబజార్ వైపు, పాత ఇంటిని బాగుచేసి అతిథులకిస్తున్న ఒక బసకు మారాం. అద్దె దాదాపు రెట్టింపు. అయినా ఆ గదిలో ఎర్రగచ్చు నేల, దాని చుట్టూ నల్లటి అంచు, మంచం పక్కన నిలువెత్తు తలుపు కిటికీలు చూశాక అక్క డబ్బు మాట ఎత్తలేదు. ఆ కిటికీ రెక్కల నిండా అడ్డపలకలు. మధ్యలో ఉన్న సన్నటి కర్రను పైకి లాగితే పలకలన్నీ ఒక్కసారే వాలి గాలి వస్తుంది, వీధి కనిపిస్తుంది. వీధిలోవాళ్ళకు మాత్రం మనం కనిపించం. అక్క పొద్దున్నే కాఫీ గ్లాసుతో అక్కడ కూర్చుని ఆ కర్రను ఒకటికి పదిసార్లు ఆడించింది. "ఆ రోజుల్లో ఈ ఇంటి ఆడవాళ్ళకు లోకమంతా ఇదేనేమోరా" అంది.

తిరగడానికి కారు మాట్లాడుకోవద్దు. ఒకప్పటి చిత్పూర్ రోడ్డు, ఇప్పటి రవీంద్ర సరణి, తోపుడుబళ్ళకే చాలదు. హుగ్లీ నది అడుగు నుంచి 2024లో మొదలైన మెట్రోలో హౌరా నుంచి ఎస్ప్లనేడ్ చేరి, అక్కడ బండి మారితే గిరీష్ పార్క్. అక్కణ్ణుంచి జొరాసాంకో ఠాకూర్ల ఇంటికి నడకే. శోభాబజార్‌కు కూడా అదే లైను.

ఠాకూర్ల ఇల్లు ఇప్పుడు రవీంద్ర భారతి విశ్వవిద్యాలయం ఆవరణ. రవీంద్రుడు 1861లో ఇక్కడే పుట్టి, 1941 ఆగస్టు 7న ఇక్కడే పోయాడు. పోవడానికి వారం ముందు, జూలై 30న శస్త్రచికిత్స కూడా ఆస్పత్రిలో కాదు, ఈ ఇంట్లోనే చేశారు. ఆ ఉదయం కూడా ఒక కవిత చెప్పి రాయించాడు, అదే చివరిది. ఫొటోలూ చిత్రాలూ ఉన్న గదులు చాలా ఉన్నాయి, వాటిని నేను త్వరగానే దాటేశాను. నన్ను నిలబెట్టింది లోపలి ముంగిలి. నాలుగు వైపులా రెండంతస్తుల వసారాలు, మధ్యలో ఆకాశం, ఒక వైపు తోరణాల వరసతో ఎత్తైన మండపం. దాన్ని ఠాకూర్ దాలాన్ అంటారు. బెంగాలీ గొప్పింటికి అది ఉండి తీరాలి, దసరాకు దుర్గమ్మను నిలిపేది అక్కడే. "ఒరే, ఇది తాతయ్యగారి మండువా లోగిలేరా! స్తంభాలు లావయ్యాయంతే" అంది అక్క. నిజమే, కాకపోతే మన మండువాలో దేవుడు ఒక మూలగదిలో సర్దుకుంటాడు, ఇక్కడ ఇంటి కేంద్రమే ఆయన. ఆ దాలాన్‌లోనే రవీంద్రుడి తండ్రి దేవేంద్రనాథ్ ఠాకూర్ హయాంలో విగ్రహపూజ ఆగి బ్రహ్మసమాజ ప్రార్థనలు మొదలయ్యాయి. మా ఊరి వీరేశలింగం పంతులుగారు పట్టుకున్న బ్రహ్మసమాజం దారి ఇలాంటి ముంగిళ్ళ మీదుగానే గోదావరి దాకా వచ్చింది.

మార్బుల్ ప్యాలెస్ దగ్గర మొదటిరోజు గేటు దగ్గరే ఆగిపోయాం. తప్పు మాదే. అది ఇప్పటికీ మల్లిక్ వంశం వాళ్ళ సొంత ఇల్లు. లోపలికి టికెట్టేమీ లేదు గాని, పర్యాటక శాఖ కార్యాలయం నుంచి ఒకరోజు ముందుగా అనుమతి కాగితం తెచ్చుకోవాలి. సోమ, గురువారాలు సెలవు. ఆ కాగితం కోసం ఒక పూట పోయింది, పోయినా పరవాలేదు. రాజేంద్ర మల్లిక్ 1835లో ఈ ఇల్లు మొదలుపెట్టేనాటికి ఆయనకింకా పదహారేళ్ళే. ఆ వయసువాడికి డబ్బూ స్వేచ్ఛా కలిపి ఇస్తే ఎలా కొంటాడో అలాగే కొన్నాడు: గడియారాలు, పింగాణీ కూజాలు, నేల నుంచి కప్పు దాకా అద్దాలు, గ్రీకు దేవతలు, చెక్కలో చెక్కిన నిలువెత్తు విక్టోరియా రాణి. అడుగు పెట్టడానికి చోటు వెతుక్కోవాలి. కాలికింద రంగురంగుల చలవరాళ్ళు, ముంగిట్లో పంజరాల్లో పక్షులు. ఫొటోలు తీయనివ్వరు, అదొక మేలు. నాకు అందంగా అనిపించిందని చెప్పలేను. కానీ మ్యూజియం వాళ్ళు సర్దిన గదికీ, ఇంటివాళ్ళు పోగేసిన గదికీ తేడా అక్కడ తెలిసింది.

వివేకానందుడు పుట్టిన ఇల్లు సిమ్లాలో ఉంది. కొండల మీది సిమ్లా కాదు, కలకత్తాలోనే ఆ పేరున్న పేట. రామకృష్ణ మిషన్ దాన్ని బాగుచేయించి 2004లో తెరిచింది. చక్కగా చేశారు, పిల్లలుంటే తప్పక తీసుకెళ్ళండి. మరీ కొత్తగా మెరవడం వల్లనేమో నాకు పెద్దగా పట్టలేదు. అక్కకు మాత్రం ఎంతో నచ్చింది, ఆ వాదన ఇంకా తేలలేదు. అటునుంచి దగ్గర్లోనే, 1844 నుంచీ నడుస్తున్న నకూర్ మిఠాయి దుకాణం. ఇనుప కటకటాల వెనక కూర్చుని అమ్ముతారు. చలికాలం కాబట్టి నలెన్ గూర్ సందేశ్ అనే పాలవిరుగుడు మిఠాయి దొరికింది. నలెన్ గూర్ అంటే మరేమీ కాదు, లేత ఈత బెల్లం. ఆకు మీద పెట్టి ఇచ్చారు. కొరికితే లోపలి నుంచి పాకం జారింది, అక్క చీర కొంగు మీద మరక ఇంకా ఉంది.

ఒక్కటే చూసే వీలుంటే ఏది చూడమంటారని అడిగితే నేను శోభాబజార్ రాజబాడీ, అంటే రాజావారి ఇల్లు, అంటాను. క్లైవుకు మున్షీగా ఉండి రాజా అయిన నవకృష్ణ దేవ్, ప్లాసీ యుద్ధం జరిగిన 1757లోనే ఇక్కడ దుర్గాపూజ మొదలుపెట్టాడు. పిల్లలు లేక దత్తత తెచ్చుకున్నాక సొంత కొడుకు పుట్టాడు. అంతే, అదే వీధిలో ఎదురుగా రెండో ఇల్లు లేచింది. పెద్దవాటా, చిన్నవాటా, రెండింటా వేర్వేరు పూజలు. మన జమీందార్ల కథలు విన్నవాళ్ళకు ఇది వివరించనక్కరలేదు. అమెరికా నుంచి తిరిగొచ్చిన వివేకానందుడికి 1897లో సన్మానం జరిగింది కూడా ఈ రాజబాడీలోనే. పండుగ రోజుల్లో వేలమంది వస్తారట. మామూలు రోజున గేటు దగ్గర మర్యాదగా అడిగితే ముంగిలి దాకా వెళ్ళనిచ్చారు. దాలాన్‌లో అప్పుడేమీ లేదు. ఒక మూల వెదురుబొంగులు, పై వసారాలో ఎవరో ఆరేసిన రెండు తువ్వాళ్ళు, ఎక్కడినుంచో కుక్కర్ ఈల.

నదివైపు వెళితే కప్పు మీద బొమ్మలున్న పుతుల్ బాడీ ఉంది. దయ్యాల కొంపని పుకారు. లోపల అద్దెకున్నవాళ్ళు విసిగిపోయి చూడవచ్చేవాళ్ళను రావద్దంటున్నారు. బయటినుంచి బొమ్మలను చూసి వచ్చేశాం, మీరూ అలాగే చేయండి.

ఈ వీధుల్లో ప్రతి పాత ఇంటి ముందూ అరుగుంటుంది. వాళ్ళు రోయాక్ అంటారు. సాయంత్రం అయ్యేసరికి దానిమీద నలుగురు చేరి ఫుట్‌బాలు, రాజకీయాలు. ఆఖరిరోజు నడిచి నడిచి కాళ్ళు లాగి అక్క ఒక అరుగు ముందు నిలబడిపోయింది. అక్కడ పేపరు చదువుతున్న పెద్దాయన తలెత్తి చూసి, ఏమీ అడగకుండానే పక్కనున్న సంచిని ఒళ్ళోకి లాక్కుని ఇద్దరికీ చోటిచ్చాడు.