బ్లేడ్లు లేని ఫ్యాన్, వైరు లేని వాక్యూమ్: దేనికి ఎంత పెట్టొచ్చు?

ముప్పై వేల ఫ్యాన్ అంటే నవ్వే రోజులు పోయాయి, ఇప్పుడు మన చుట్టాల్లోనే ఎవరో ఒకళ్ల హాల్లో అది కనిపిస్తోంది. మధ్యలో ఖాళీగా ఉండే రింగు, కింద చిన్న స్తంభం, రెక్కలు మాత్రం కనపడవు. వచ్చినవాళ్లందరూ ముందు ఆ రింగులో చెయ్యి పెట్టి చూస్తారు, వీడియో తీస్తారు, ఆ తర్వాత ధర అడిగి కాసేపు మౌనంగా ఉంటారు. నేను అడిగేది ఒక్కటే. మే నెలలో బెజవాడలో దాని ముందు కూర్చుంటే చెమట ఆరుతుందా?

సరిగ్గా ఎదురుగా కూర్చున్నవాళ్లకి ఆరుతుంది, సోఫా ఆ చివర ఉన్నవాళ్లకి ఆరదు. మా బంధువుల ఇంట్లో భోజనాలయ్యాక అందరం దాని చుట్టూ చేరాం, అది అటూ ఇటూ తిరుగుతుంటే గాలి మన వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది, చివరికి మా అత్తయ్య లేచి సీలింగ్ ఫ్యాన్ స్విచ్ వేసింది.

ఇందులో వింతేం లేదు. రెక్కలు లేవనేది అమ్మేవాళ్ల మాట, అవి కింద స్తంభంలో దాక్కుని ఉంటాయి. అక్కడి మోటారు గాలిని లోపలికి లాగి రింగు అంచున ఉన్న సన్నటి చీలికలోంచి వేగంగా బయటికి తోస్తుంది, ఆ ఊపుకి చుట్టుపక్కల గాలి కూడా కలిసి ముందుకొస్తుంది. బ్రిటన్‌లో పుట్టిన డైసన్ కంపెనీ దీన్ని 2009లో మార్కెట్లోకి తెచ్చింది, అయితే జపాన్‌లో తోషిబా 1981లోనే ఇలాంటి ఫ్యాన్‌కి పేటెంట్ తీసుకుంది. తెలివైన డిజైనే, కాదనను. కానీ డైసన్ తన ప్యూరిఫయర్ ఫ్యాన్లకి (ఇదే ఫ్యాన్‌లో గాలిని వడగట్టే ఫిల్టర్ కూడా ఉండే రకం) చెప్పుకునే అంకె సెకనుకి 290 లీటర్లు, అంటే నిమిషానికి 17 ఘనపు మీటర్ల చిల్లర. మన నెత్తి మీద తిరిగే మామూలు 48 అంగుళాల సీలింగ్ ఫ్యాన్ డబ్బా తిరగేసి చూడండి, నిమిషానికి 210 పైనే రాసి ఉంటుంది. కొలిచే పద్ధతులు వేరు కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చడం పూర్తిగా న్యాయం కాదు, అయినా పది రెట్లకి పైగా ఉన్న తేడా కొలతల వల్ల వచ్చేది కాదు. ఫ్యాన్ గదిని చల్లబరచదు, ఒంటి మీద చెమటని ఆరబెడుతుంది. దానికి కావాల్సింది గాలి, బోలెడంత గాలి.

మరి ఎవరు కొనాలి? ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే, రోడ్డు పక్క అపార్ట్‌మెంట్ అయితే, ఏసీ గదిలో ప్యూరిఫయర్ కావాలనుకుంటే సరే. అప్పుడు కూడా పది పన్నెండు వేలకి విడిగా ప్యూరిఫయర్ తెచ్చుకుని, పైన ఉన్న ఫ్యాన్‌ని ఉన్నట్టే ఉంచుకుంటే పని జరుగుతుంది. ఫిల్టర్ దేనికైనా మారుస్తూ ఉండాల్సిందే, ఆ ఖర్చు ధరలో కనపడదు. పిల్లల వేళ్లు తగలవు, దుమ్ము తుడవడం తేలిక అనే రెండు పాయింట్లూ నిజమే. సీలింగ్ ఫ్యాన్ రెక్కకి పాత దిండు గలీబు తొడిగి ఇటు లాగితే దుమ్మంతా దాంట్లోనే పడుతుంది, మంచం మీద రాలదు, ఈ చిట్కాకి ఖర్చేం లేదు.

అసలు ఫ్యాన్లలో పనికొచ్చే కొత్తదనం ఒకటి ఉంది, దాన్ని చూసి ఎవరూ వీడియో తియ్యరు, ఎందుకంటే పైకి మామూలు ఫ్యాన్‌లాగే ఉంటుంది. బీఎల్‌డీసీ మోటారు, అంటే బ్రష్‌లు లేకుండా అయస్కాంతాలతో, ఎలక్ట్రానిక్ బోర్డు సాయంతో తిరిగే మోటారు. పాత ఇండక్షన్ మోటారు ఫ్యాన్ ఫుల్ స్పీడులో 70-80 వాట్లు తింటుంది, ఇది 28 నుంచి 35 వాట్లతో అదే గాలి ఇస్తుంది. ఆటంబర్గ్ వీటిని బాగా జనంలోకి తెచ్చాక క్రాంప్టన్, హావెల్స్, ఓరియంట్, ఉషా అన్నీ ఇదే బాట పట్టాయి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది కాబట్టి షాపువాడు ఏం చెప్పినా మనం లేబుల్ మీదే చూసుకోవచ్చు. స్టార్ల కింద గాలి ఎంత, వాట్లు ఎంత, వాట్‌కి ఎంత గాలి అన్నది ఉంటుంది, చూడాల్సింది అదే.

డబ్బు లెక్క చెప్తాను. 45 వాట్ల తేడా, రోజుకి 16 గంటలు తిరిగితే నెలకి 21 యూనిట్లు మిగులుతాయి. చాలామంది మర్చిపోయేది ఏంటంటే ఆ 21 యూనిట్లూ మన బిల్లులో పై స్లాబులోంచి తగ్గుతాయి. ఏసీ ఉన్న ఇల్లు ఎండాకాలంలో 225 యూనిట్లు ఇట్టే దాటేస్తుంది, ఆంధ్రలో ఆ పైన 400 దాకా యూనిట్ 8 రూపాయల 75 పైసలు (పాత ఖర్చుల లోటు తర్వాత వసూలు చేసే ట్రూఅప్ అని ఇంకోటి అని పైన వేసేవి వేరే, వాటి గురించి మాట్లాడితే బీపీ పెరుగుతుంది). అంటే ఒక్క ఫ్యాన్ మీద నెలకి 180 దాకా. మామూలు ఫ్యాన్ కన్నా పన్నెండు పదిహేను వందలు ఎక్కువ పెట్టినా ఏడాది, మహా అయితే ఏడాదిన్నరలో వచ్చేస్తుంది. చిన్న స్లాబులో ఉండే ఇంటికి అంత తొందరగా రాదు, అది కూడా చెప్పాలి. నాకు ఇంకా నచ్చింది వోల్టేజీ సంగతి. సాయంత్రం ఏడింటికి వోల్టేజీ పడిపోయి పాత ఫ్యాన్ ఈడుస్తూ తిరిగే టైములో ఇది అదే స్పీడులో తిరుగుతుంది, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద కూడా దాదాపు రెట్టింపు సేపు వస్తుంది.

దీంతో ఇబ్బందులూ ఉన్నాయి. గోడ మీద పాత రెగ్యులేటర్‌తో దీన్ని నడపకూడదు, తీసెయ్యాలి. రిమోట్ ఎప్పుడూ దుప్పట్లలోనే ఉంటుంది. పెద్ద తలనొప్పి మాత్రం రిపేరు. పాత ఫ్యాన్ నెమ్మదిస్తే వీధి చివర ఎలక్ట్రీషియన్ వచ్చి కెపాసిటర్ మార్చి వంద తీసుకుని వెళ్తాడు. మా ఇంట్లో ఒక బీఎల్‌డీసీ ఆగిపోతే అతనే వచ్చి, పైన కప్పు విప్పి చూసి, "బోర్డు పోయింది సార్, ఇది నా చేతుల్లో లేదు, కంపెనీకే ఫోన్ కొట్టండి" అన్నాడు. కంపెనీ మనిషి వచ్చేదాకా మండుటెండల్లో టేబుల్ ఫ్యాన్‌తో గడిపాం. కాబట్టి వారంటీ ఎన్నేళ్లో, మీ ఊళ్లో సర్వీసు మనిషి ఉన్నాడో లేడో చూసుకున్నాకే కొనండి. హైదరాబాద్‌లో టెన్షన్ లేదు, చిన్న ఊళ్లలో ఉంది. ఇంక చాండిలియర్ ఫ్యాన్లు, రెక్కలు మడుచుకునే ఫ్యాన్లు అంటారా, అవి లైట్లు, వాటికి కొంచెం గాలి కూడా వస్తుంది, అంతే.

వాక్యూమ్ క్లీనర్ కథ వేరు. టై కట్టుకున్న సేల్స్‌మన్ ఇంటికొచ్చి, మన పరుపు మీదే మెషీన్ పెట్టి దుమ్ము తీసి చూపించి అమ్మిన కాలం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ మెషీన్లలో ఎన్నో ఆ తర్వాత అటకెక్కాయి. దుమ్ము లాగడంలో లోపం ఉండి కాదు, దించి, గొట్టాలు తగిలించి, వైరు గుచ్చేలోపు కొండ చీపురుతో ఇల్లు మొత్తం ఊడ్చెయ్యొచ్చు కాబట్టి. వైరు లేని స్టిక్ వాక్యూమ్ మార్చింది సరిగ్గా దీన్నే. గోడకి తగిలించి ఉంటుంది, తీసి నొక్కడమే. జేమ్స్ డైసన్ 5,127 నమూనాలు చేసి, 1993లో బ్రిటన్‌లో తన పేరుతో అమ్మడం మొదలుపెట్టిన సైక్లోన్ పద్ధతి, అంటే దుమ్ముని గిరగిరా తిప్పి గాలి నుంచి విడగొట్టడం, ఇప్పుడు ఏడెనిమిది వేల మెషీన్లలోనూ ఉంది. అందుకని సైక్లోన్ అనే మాటకి ఇంకో ముప్పై వేలు ఇవ్వక్కర్లేదు. ఖరీదైనవాటిలో మోటారు, ఫిల్టర్, బ్రష్ నిజంగానే మెరుగు. ఆకుపచ్చ లైటు వేసి నేల మీద దుమ్ము చూపించే మోడల్ కూడా ఉంది, అది చూశాక మనింట్లో మనకే కూర్చోబుద్ధి కాదు.

కానీ మన ఇళ్లలో నేల టైల్సో గ్రానైటో, ఊడ్చాక తడిగుడ్డ పెట్టకపోతే ఇల్లు తుడిచినట్టే ఉండదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో గది నిండా కార్పెట్ ఉన్న ఇంట్లో వాక్యూమ్ లేకపోతే కుదరదు, గుంటూరులో అది పరుపులకి, సోఫాలకి, కిటికీ పట్టాలకి, కారుకి, సంక్రాంతి ముందు బూజులకి పనికొస్తుంది. ఆ పనులకి పది పదిహేను వేలు చాలు. పూజ గది దగ్గర జాగ్రత్త, పసుపు, విభూతి, ముగ్గు పిండి లాంటి మెత్తటి పొడులు లాగిస్తే ఫిల్టర్ వెంటనే పూడుకుపోతుంది, కడిగితే పూర్తిగా ఆరేదాకా ఆ రోజుకి మెషీన్ లేనట్టే. బూస్ట్, అంటే ఫుల్ పవర్ నొక్కితే చాలా మోడళ్లలో బ్యాటరీ పది నిమిషాలు కూడా రాదు. రెండు మూడేళ్లకి బ్యాటరీ ఎలాగూ అరుగుతుంది, అది విడిగా ఎంతో, అసలు దొరుకుతుందో లేదో కొనే రోజే అడగండి. నేను అడిగిన ఒక షోరూంలో కుర్రాడు "అప్పటికి కొత్త మోడల్ వస్తుంది కదండీ" అన్నాడు. ఆ మోడల్ నేను కొనలేదు.

రోబో వాక్యూమ్ గురించి మా చెల్లి ఫోన్ చేసింది, ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్తారు, పనావిడ వారంలో సగం రోజులు రాదు. వాళ్లలాంటి ఇంటికి పాతిక ముప్పై వేల రోబో దండగ కాదనే అంటాను, రోజూ పైపైన దుమ్ము తీసేస్తుంది, కొన్ని తడిగుడ్డ కూడా పెడతాయి, గట్టిగా అంటుకున్న పులుసు మరక మాత్రం పోదు. పొడుగు జుట్టు బ్రష్‌కి చుట్టుకుంటే కత్తెరతో కోసి తియ్యాలి. బాక్సు మంచాలున్న గదిలో మంచం కిందకి దూరదు. అన్నిటికన్నా మించి గడప. చాలా రోబోలు రెండు సెంటీమీటర్ల ఎత్తు దాటితే ఎక్కలేవు, గడప ముందుకొచ్చి గుద్దుకుని వెనక్కి తిరుగుతాయి, మనమే చంకన పెట్టుకుని ఇంకో గదిలో దింపాలి. అందుకే ముందు తన ఫ్లాట్‌లో గడపలన్నీ స్కేలు పెట్టి కొలిచి పంపమన్నాను. ఇంకా పంపలేదు.