వయొలిన్ వినడానికి ఐదు వేలలో హెడ్‌ఫోన్లు: మూడేళ్ళ వాడకం తర్వాత

విజయనగరంలో మా ఇంట్లోనే పిల్లలకు వయొలిన్ నేర్పుతాను. పాత రికార్డులు వినాలి, నేను వాయించింది రికార్డు చేసుకుని అపస్వరాలు ఎక్కడ పడ్డాయో చూసుకోవాలి, రాత్రి అందరూ పడుకున్నాక కూడా సాధన ఆగకూడదు. వీటన్నిటికీ హెడ్‌ఫోన్లు కావాలి, ఖర్చు ఐదు వేలు దాటకూడదు. అప్పుడు తీసుకున్నవి ఆడియో టెక్నికా వాళ్ళ ఏటీహెచ్-ఎం20ఎక్స్. మూడేళ్ళు దాటింది, రోజూ వాడుతూనే ఉన్నాను. సంగీతం నేర్చుకునేవాళ్ళు, ముఖ్యంగా మన కచేరీ సంగీతం వినేవాళ్ళు ఈ ధరలో ఏం చూసుకోవాలో చెబుదామని ఇది రాస్తున్నాను.

కొనేముందు గంటస్తంభం దగ్గర రెండు మూడు షాపులు తిరిగాను. ఎక్కడికి వెళ్ళినా ఒకటే మాట: "బేస్ చూడండమ్మా, అదిరిపోద్ది." అది నిజమే, అదిరిపోతోంది. సినిమా పాటలు పెద్ద సౌండుతో వినేవాళ్ళకు అవి నచ్చుతాయి కూడా. నేను మాత్రం నా ఫోన్లో వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి రికార్డు ఒకటి, తంబురా శ్రుతి ఒకటి, ఈ మధ్య కచేరీ ఒకటి పెట్టుకుని వెళ్ళాను. బేస్ ఎక్కువగా ఉన్న సెట్‌లో కచేరీ పెడితే మృదంగం తొప్పి (ఎడమవైపు) దెబ్బ ఉబ్బిపోయి వయొలిన్ కింది తీగల మీద పడిపోయింది. మంద్రంలో సంగతి వేస్తుంటే విద్వాంసుడు పక్క గదిలోకి వెళ్ళిపోయి వాయిస్తున్నట్టుంది. తంబురాలో అయితే తీగల కింద దారం సర్దినప్పుడు పలికే ఆ జుమ్మనే నాదమే లేదు, ఉత్త గుయ్‌మనే మోత మిగిలింది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మన చెవి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుందని పెట్టెల మీద దాదాపు అందరూ ఇంచుమించు అవే అంకెలు వేస్తారు. ఆ మధ్యలో ఏది పెంచారు, ఏది తగ్గించారు అన్నది పెట్టె మీద ఉండదు. వయొలిన్ అసలు స్వరాలు నూట యాభై, రెండు వందల హెర్ట్జ్ దగ్గర మొదలవుతాయి, వాటి నాదానికి రంగునిచ్చే అనుస్వరాలు (అసలు స్వరంతో పాటే సన్నగా పలికే పై స్వరాలు) కొన్ని వేల హెర్ట్జ్ దాకా పోతాయి. దానికి కింద ఉన్నదాన్ని విపరీతంగా పెంచితే ఈ భాగం అణిగిపోతుంది. అందుకే మీరు రోజూ వినేది, ప్రతి మలుపూ తెలిసినది, అదే పెట్టి వినండి. షాపువాళ్ళు పెట్టే పాటతో ఏదీ తేలదు.

ఎం20ఎక్స్‌ని విశాఖలో ఒక వాయిద్యాల షాపులో మొదటిసారి విన్నాను. ఇవి రికార్డింగ్ పనికని చేసినవి. చెవి చుట్టూ మూసుకునే రకం, లోపల శబ్దం పుట్టించే 40 మిల్లీమీటర్ల డ్రైవర్లు, వైరుతోనే పనిచేస్తాయి, బ్లూటూత్ లేదు. తంబురా పెట్టగానే పంచమం, సారణి, అనుసారణి, మంద్రం ఏ తీగకు ఆ తీగ విడివిడిగా వినిపించాయి. ఇంకేమీ చూడలేదు. ఆన్‌లైన్‌లో ధర తగ్గినప్పుడు తెప్పించుకున్నాను.

ద్వారం వారి రికార్డుల గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నాకు ఈ హెడ్‌ఫోన్ల విలువ అక్కడే తెలిసింది. మా ఊళ్ళో సంగీత కళాశాల 1919లో పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపల్. అదే ఏడు ద్వారం వారు వయొలిన్ ఆచార్యులుగా చేరి 1936లో ప్రిన్సిపల్ అయ్యారు. 1964లో ఆయన పోయారు. ఆయన్ని ఎదురుగా కూర్చుని విన్న తరం దాదాపు వెళ్ళిపోయింది, నాలాంటి వాళ్ళకు రికార్డులే దిక్కు. వాటిలో చాలావరకు 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డుల కాలానివి, ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలు. పైన గరగర, కింద హోరు. ఈ గరగరను ఎం20ఎక్స్ దాచదు, ఉన్నది ఉన్నట్టు వినిపిస్తుంది. కానీ దాని వెనక కమాను ఎక్కడ తిరిగిందో, ఎక్కడ ఒత్తిడి తగ్గించారో కూడా వినిపిస్తుంది. ఒకసారి నా దగ్గర నేర్చుకునే పిల్లకు ఒక రికార్డు వినిపిస్తే సగంలో ఆపమని, "టీచర్, ఇక్కడ వేలు ఎత్తలేదు, జారుస్తూనే పైకి వెళ్ళారు కదా" అంది. అదే రికార్డు ఫోన్ స్పీకర్లో ఎన్నోసార్లు విన్నది ఆ పిల్ల. నాకు చాలా సంతోషమేసింది. గమకం, అంటే స్వరాన్ని ఇలా జారుస్తూ, ఊపుతూ పలికించడం, మాటల్లో ఎంత చెప్పినా ఎక్కదు, చెవిన పడాలి.

బ్లూటూత్ ఎందుకు వద్దనుకున్నానో చెప్పాలి. అంతకుముందు నా దగ్గర ఒక కంపెనీ వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ ఉండేవి. రెండో ఏడు వచ్చేసరికి ఎడమవైపు బడ్ అరగంటకే ఆగిపోయేది. అంత చిన్న బ్యాటరీ అరిగితే మార్చడానికి వీలుండదు, మొత్తం పారేయడమే. అంతకన్నా నన్ను ఇబ్బంది పెట్టింది ఆలస్యం. మామూలు బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికి 200 మిల్లీసెకన్ల దాకా పట్టొచ్చు. వీడియోలు చూసేటప్పుడు ఫోనే బొమ్మను ఆపి సర్దేస్తుంది కాబట్టి తెలియదు. తాళం యాప్ చెవిలో పెట్టుకుని వాయిస్తూ రికార్డు చేస్తే తెలుస్తుంది. నిమిషానికి 75 దెబ్బల కాలం పెట్టుకుంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య 800 మిల్లీసెకన్లు. దెబ్బను నాలుగు మాత్రలుగా పంచే చతురశ్ర నడకలో అందులో నాలుగో వంతు సరిగ్గా 200. అంటే తర్వాత రికార్డును తాళంతో కలిపి చూస్తే నా వాయింపు ఒక మాత్ర వెనకబడి ఉంటుంది. కీబోర్డు యాప్‌తో సాధన చేసే పిల్లలకూ ఇదే బాధ, మెట్టు నొక్కాక కాసేపటికి స్వరం వస్తుంది. వైరుతో ఈ గొడవే లేదు. పైగా అదే ధరలో వైర్‌లెస్ తీసుకుంటే మన డబ్బులో కొంత బ్యాటరీకి, చిప్పుకి, ఛార్జింగ్ డబ్బాకి పోతుంది. వైరు సెట్‌లో ఎక్కువ భాగం శబ్దానికే పడుతుంది.

వైరు అంటే ఇప్పటి ఫోన్లతో ఇంకో చిక్కుంది. చాలావాటికి 3.5 ఎంఎం రంధ్రమే లేదు, సీ టైప్ కన్వర్టర్ కావాలి. ఇవి బయటికి ఒకేలా ఉంటాయి గానీ రెండు రకాలు. ఒకదానిలో ఉత్త తీగలే ఉంటాయి, ఫోన్ తనే అనలాగ్ శబ్దం పంపితేనే పలుకుతుంది. రెండోదానిలో డిజిటల్ శబ్దాన్ని అనలాగ్‌గా మార్చే చిన్న డాక్ చిప్ ఉంటుంది, అది ఏ ఫోన్‌కైనా దాదాపుగా పనిచేస్తుంది. కొనేటప్పుడు డాక్ ఉన్నదే అడగండి, మీ ఫోన్‌కి అక్కడే పెట్టి చూసుకోండి. ఎం20ఎక్స్ 47 ఓమ్‌ల (కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె) సెట్, మామూలు ఫోన్ దాన్ని బాగానే నడుపుతుంది. కాకపోతే ఇయర్‌ఫోన్ల కంటే వాల్యూమ్ కాస్త పైకి పెట్టుకోవాలి.

ఇక ఇబ్బందులు. వైరు మూడు మీటర్లు, ఊడదీసే వీలు లేదు. టేబుల్ దగ్గర కూర్చుంటే హాయి, కీబోర్డుకు పెట్టుకోవడానికి పెద్ద జాక్ అడాప్టర్ కూడా పెట్టెలోనే వస్తుంది. విశాఖ వెళ్ళే పాసింజర్లో కిక్కిరిసిన చోట మాత్రం ఆ వైరు చుట్టుకుని కూర్చోవడం కష్టం. మడతపడవు కాబట్టి బ్యాగులో కూడా చోటు తింటాయి. ప్రయాణానికి మా తమ్ముడు వాడే మూన్‌డ్రాప్ చూ 2 లాంటి చెవిలోపల పెట్టుకునే ఇయర్‌ఫోన్లు మేలు. వాటికి 10 ఎంఎం డ్రైవర్, వైరు పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు, ధర కూడా తక్కువే. సిలికాన్ బుడిపెలు మన చెవికి సరైన సైజువి పెట్టుకోవాలి. సందు ఉంటే బేస్ అంతా బయటికి పోతుంది, అప్పుడు ఇయర్‌ఫోన్‌ని తిట్టుకుని లాభం లేదు.

బయటి శబ్దం ఎం20ఎక్స్ ఓ మోస్తరుగా ఆపుతుంది. ఫ్యాను, టీవీ, వీధిలో మాటలు తగ్గుతాయి. పైడితల్లి అమ్మవారి సిరిమాను పండుగ రోజుల్లో డప్పుల మోత మాత్రం లోపలికి వచ్చేస్తుంది, అంత మంద్రమైన శబ్దాన్ని ఉత్త మెత్తలు ఆపలేవు. ఆ రోజుల్లో నేను రికార్డులు పక్కన పెట్టి అమ్మవారి దర్శనానికే వెళతాను.

వేసవిలో చెవులు ఉడికిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో కరెంటు పోతే పావుగంట కూడా పెట్టుకోలేం. ఈ రెక్సిన్ లాంటి మెత్తలు, ఏ కంపెనీవైనా సరే, మన ఉక్కకూ చెమటకూ పొట్టు లేస్తాయి. తీసిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిస్తే ఎక్కువకాలం వస్తాయి. ఎం సిరీస్‌కి సరిపోయే మెత్తలు బయట విడిగా దొరుకుతాయి కాబట్టి భయం లేదు. ఒకసారి గుడ్డవి వేసి చూశాను, చెవికి చల్లగానే ఉన్నాయి కానీ మృదంగం పలచబడింది. మళ్ళీ రెక్సినువే వేసుకున్నాను. తలపట్టీ, తీగ, డ్రైవర్లు మొదటి రోజు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి.

పిల్లల విషయంలో ఒక జాగ్రత్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ వరకూ, పిల్లలకు 75 వరకూ పర్వాలేదంటుంది. మూడు డెసిబెల్స్ పెరిగిన కొద్దీ సమయం సగమవుతుంది: పెద్దవాళ్ళకు 83 అయితే 20 గంటలే, 86 అయితే 10. వయొలిన్ ఎడమ చెవి కిందే ఉంటుంది, సాధన చేసే పిల్లల ఆ చెవికి ఇప్పటికే చాలా శబ్దం పడుతోంది. అందుకే శ్రుతి పెట్టుకుని వాయించేటప్పుడు కుడి చెవికే పెట్టుకుని, ఎడమది వెనక్కి జరుపుకోమంటాను. తమ వయొలిన్ ఎలా పలుకుతోందో అప్పుడు నేరుగా వినబడుతుంది, శ్రుతి కోసం వాల్యూమ్ పెంచాల్సిన పనీ ఉండదు. పదేళ్ళ లోపు పిల్లల తలకు ఇది కొంచెం వదులుగా ఉంటుంది, పట్టీ పూర్తిగా లోపలికి నెట్టినా జారుతుంది. వాళ్ళకు ఇంకా చిన్న సైజు చూడాలి.

జిమ్ముకి, నడకకి, ఫోన్ మాట్లాడుకోవడానికి కావాలంటే ఇది కొనకండి, దీనికి మైకే లేదు. రోజూ ఒకచోట కూర్చుని పాట వినేవాళ్ళు, వాయిద్యం నేర్చుకునేవాళ్ళు ఐదు వేల లోపు దొరికినప్పుడు తీసుకోండి. కన్వర్టర్‌కి, ఏడాదో రెండేళ్ళో పోయాక మెత్తలకి కొంత డబ్బు విడిగా అట్టేపెట్టుకోండి.