చేని చుట్టూ కంచెకి వాక్కాయా, గోరింటా?

అడవి పందుల బెడద పెరిగాక మెట్ట రైతులు నన్ను ఎక్కువగా అడుగుతున్నది ఇదే. ఇనుప కంచె ఖరీదు అందరూ భరించలేరు. కరెంటు తీగ మనుషుల ప్రాణాలే తీస్తోంది, దాని ఊసే వద్దు. ఇక మిగిలింది జీవకంచె. వాక్కాయ, గోరింట రెండూ ఎర్ర నేలల్లో వానల మీదే బతికేస్తాయి కాబట్టి ఏది నాటాలో తేల్చుకోలేకపోతున్నారు.

గోరింటతో సుఖం ఏమిటంటే, తొలకరికి పెన్సిలంత లావు కొమ్మముక్కలు గుచ్చితే నాటుకుంటుంది. మొక్కలకి డబ్బు పెట్టక్కర్లేదు, పెరుగుదలా జోరుగా ఉంటుంది. ఆకు అమ్ముకోవచ్చు కదా అంటారు. రాజస్థాన్‌లో పాలి జిల్లా సోజత్ చుట్టుపక్కల దీన్ని పంటగానే వేస్తారు, 2021లో అక్కడి గోరింటకి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ పొడి కొట్టే మిల్లులున్నాయి, కొనే వ్యాపారులున్నారు. మన దగ్గర గట్టు మీది ఆకుకి ఆషాఢంలోనో, పెళ్లిళ్లప్పుడో తప్ప గిరాకీ ఉండదు.

అయినా ఆదాయం తర్వాతి మాట. కంచె విషయంలో నేను ముందు చూసేది ఎత్తు కాదు, కింది మూరెడు. పంది సాధారణంగా పైనుంచి రాదు, మూతితో తోసుకుంటూ కింద సందు వెతుక్కుంటుంది. గోరింట ముదిరేకొద్దీ ఆకంతా పైకి పోయి మొదలు బోసిపోతుంది. ముదురు కొమ్మల కొసలు ముళ్లలా తేరినా పందిని ఆపేంత గట్టివి కావు. ఏటా కిందికంటా నరికితేనే గుబురుగా ఉంటుంది, ఒక్క ఏడాది మానేస్తే సందులు పడతాయి.

వాక్కాయ అలా కాదు. నేల దగ్గర్నుంచే కొమ్మలు వేస్తుంది, అంగుళం దాటిన జంట ముళ్లు, ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఆకు. అందుకే నా మొగ్గు దీనివైపే. మొక్క మోకాలి ఎత్తు రాగానే తల తుంచితే పక్కకొమ్మలు ఇంకా చిక్కగా అల్లుకుంటాయి.

కష్టం మొక్కల దగ్గరే. కొమ్మలు సులువుగా వేరుపోసుకోవు, విత్తనమేమో తొందరగా మొలకశక్తి పోగొట్టుకుంటుంది. పండిన కాయల గింజలు కడిగి వెంటనే సంచుల్లో వేస్తే మరుసటి ఏడు తొలకరికి నాటే మొక్కలు తయారవుతాయి. చదరంగా ఉన్న ఎకరం చుట్టుకొలత దాదాపు 835 అడుగులు. రెండడుగులకో మొక్క చొప్పున రెండు వరుసలు ఎదురూబొదురూ కాకుండా నాటితే 835 మొక్కల దాకా పడతాయి. అన్ని నర్సరీలో కొనేకంటే నారు సొంతంగా పోసుకోవడమే నయం. మొదటి రెండు వేసవుల్లో కాస్త తడి ఇవ్వాలి. కంచె అల్లుకునేదాకా, అంటే మూడు నాలుగేళ్లు, బయటివైపు రేగు కంపో తుమ్మ కంపో వేయక తప్పదు. నీరు నిలిచే నల్లరేగడిలో అయితే గట్టు ఎత్తు చేశాకే నాటండి.

కాయ మీద ఆశ ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పూత కొమ్మల చివర్లలో వస్తుంది, ఎప్పుడు పడితే అప్పుడు కత్తిరిస్తే కాపు పోతుంది. కాయ కోత అయిన వెంటనే ఒకసారి కత్తిరిస్తే కంచె, కాపు రెండూ దక్కుతాయి. పచ్చికాయ పప్పుకీ పులిహోరకీ పచ్చడికీ పోతుంది. బేకరీల్లో చెర్రీ పేరుతో కేకుల మీద పెట్టేదాంట్లో చాలావరకు రంగు వేసి పాకంలో ఊరబెట్టిన వాక్కాయే.

కిత్తనార రాళ్ల గట్లకి పనికొస్తుంది గానీ మట్టల మధ్య సందులుంటాయి. అడవి ఆముదాన్ని పశువులు ముట్టవు, కానీ ముల్లు లేదు, పందికి అడ్డం కాదు. సర్కారు తుమ్మ మాత్రం వద్దే వద్దు. దాని కాయలు మేసిన పశువుల పేడతో గింజలు పొలమంతా మొలుస్తాయి, అప్పుడు కంచే చేను మేస్తుంది.

ఇంటి పెరటికో, పందులు రాని ఊరికో అయితే గోరింట చాలు. అడవి అంచున వేరుశనగ, మొక్కజొన్న వేసేవాళ్లు మాత్రం ఆగస్టులో వాక్కాయ పండ్లు ఏరి వెంటనే గింజలు వేసుకోండి.